మడత బల్ల దగ్గర అన్న మాట

ప్రియమైన చెల్లాయికి,

ఇందుమూలముగా సమస్త చెల్లెళ్ళకూ తెలియజేయునది ఏమనగా, నేటి నుండి మా లాండ్రీలో ఎవరు తాగిన టీ గ్లాసు వారే కడుగవలెను. కడిగిన గ్లాసును బోర్లించవలెను. వెల్లకిలా పెట్టినవారు క్రమశిక్షణ లేనివారుగా పరిగణింపబడుదురు.

ఈ శాసనం నాది కాదు. మా మేనేజరు గారిది. అద్దం కట్టించి మరీ గోడకు తగిలించారు. కింద ‘మీ అభిప్రాయాలు తెలపండి’ అని ఒక డబ్బా పెట్టారు. నేనందులో ఒక గ్లాసు పెట్టాను, వెల్లకిలా.

ఇదంతా మీ హెడ్డాఫీసు పంపిన పాఠాల మహిమట. ఆ పాఠాలు చెప్పే ఉద్యోగంలో నువ్వే చేరావు కాబట్టి తిట్లు కొంచెం తగ్గించి రాస్తున్నాను.

ఇక్కడి మనుషుల గురించి అడిగావు కదా. నా డ్రయ్యర్‌లోంచి వేడివేడిగా వచ్చే ఆసుపత్రి దుప్పట్లను మడిచేది ఇద్దరు ఆడవాళ్ళు. పెద్దామె, చిన్నామె అంటాం. చిన్నామె పెద్దామెకి మరదలే, తమ్ముడి భార్య. ఆ తమ్ముడు పెళ్ళాన్ని వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. అప్పటినుంచి వీళ్ళిద్దరికీ మాటల్లేవు. కానీ పని చూడాలి నువ్వు! చెరో రెండు కొసలూ పట్టుకుంటారు, ఎదురెదురుగా నడిచొస్తారు, దుప్పటి మడత పడిపోతుంది. ఒకసారి లాగితే మరక ఉందని, మళ్ళీ ఉతుక్కి వెయ్యమని. రెండుసార్లు లాగితే చిరిగిందని. వీళ్ళంత చక్కగా మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాలను నేను చూడలేదు.

నీ అల్లరి అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

గ్లాసు సంగతి ఇక్కడిదాకా వచ్చింది. ఎవరు పెట్టారో కనుక్కోమని నాకే అప్పగించారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

కానీ ఇప్పుడు నవ్వులాట కాదు. నాది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. చెప్పిన పాఠం వల్ల ఒక్క చోటైనా మార్పు వచ్చిందని చూపించాలి. లేకపోతే పంపించేస్తారు. పిల్లనేసుకుని మళ్ళీ మా ఆయన గుమ్మం ముందు నిలబడటం కన్నా చావు నయం. నీకు తెలియనిదేముంది.

నువ్వు రాసిన ఆ ఇద్దరి మీదే నా ఆశ. మేం చెప్పేది ఇదే అన్నయ్యా. జీతం పెంచితే సణుగుడు తగ్గుతుంది, అంతే. మనిషి మనసుపెట్టి పని చేసేది తనను ఎవరో గుర్తించారన్నప్పుడు, నావాళ్ళు అనుకునే మనిషి పక్కన ఉన్నప్పుడు. అలా గుర్తించే మంచిమాట ఒకరి నోట్లోంచి రెండోవాళ్ళ చెవిదాకా చేరాలి. మధ్యలో కోపం, బెట్టు, అనుమానం అడ్డుపడతాయి. వాటిని దాటించే మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వవుతావా? వాళ్ళ చేత మాట్లాడించవా?

నీ చెల్లి

*

ప్రియమైన పంతులమ్మకి,

కాసుకో. జరిగిపోయింది.

నిన్న టీ వేళ పెద్దామె నా పక్కనే బెంచీ మీద కూర్చుంది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని పెద్దగా నిట్టూర్చింది. “ఏమయ్యా, నా మరదలి చెయ్యి చూశావా? వేడికి ఎలా కమిలిపోయిందో. తప్పంతా నా తమ్ముడిదే, ఆ పిల్లది కాదు” అంది. అని, ముఖం తిప్పేసుకుంది.

నేనూరుకుంటానా? చిన్నామె దగ్గరికి మోసుకెళ్ళాను.

“వదిన నోరు తెరిచి అలా అందా?” అంది.

“అంది.”

“నా మీద ఒట్టు?”

“నీ మీద ఎందుకు, నా డ్రయ్యర్ మీద ఒట్టు.”

నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు గోడవైపు తిరిగి నిలబడింది. తర్వాత బల్ల దగ్గరికెళ్ళి, “వదినా, నీ నడుం నొప్పి ఎలా ఉంది?” అంది. పెద్దామె తెల్లబోయి, “ఉంది” అంది. అంతే మాట. కానీ ఈ రోజు చిన్నామె కూనిరాగం తీస్తూ పని చేసింది. దుప్పట్ల గుట్ట ఎప్పుడు కరిగిందో మాకే తెలియలేదు. మేనేజరు వచ్చి తన శాసనం వల్లే అనుకుని మీసం దువ్వుకున్నాడు.

నీ రాయబారి

*

ప్రియమైన అన్నయ్యకి,

ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు! నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాగితం మాత్రం లాండ్రీకి వచ్చి కళ్ళారా చూశాకే ఇస్తారట.

‘తప్పంతా నా తమ్ముడిదే, ఆ పిల్లది కాదు.’ ఈ మాటను పోస్టరు వేయించారు, పైన నవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్ళ బొమ్మ, కింద ‘ఒక్క మాట చాలు’ అని. అన్ని లాండ్రీలకూ పంపుతున్నారు. వచ్చే వారం మేమంతా మీ దగ్గరికి వస్తున్నాం. పెద్దామె చేత ఆ మాట అందరి ముందు ఇంకోసారి అనిపించి, ఇద్దరికీ సన్మానం చేస్తాం. నువ్వు శుభ్రంగా గడ్డం గీసుకుని ఉండు.

నీ చెల్లి

*

చెల్లాయ్,

పోస్టర్లు ఆపించు. సన్మానం వద్దు. ఎవరూ రావద్దు. మీ పెద్దసారుకి మా ఊరి నీళ్ళు పడవని చెప్పు. పెద్దామె మహా బెట్టు మనిషి. నాతో గుట్టుగా అన్న మాట పదిమంది ముందు అడిగితే ఛస్తే ఒప్పుకోదు, కాదంటుంది. నా మాట విను.

అన్నయ్య

*

అన్నయ్యా,

నీ ఉత్తరం అందేసరికే బయల్దేరే ఏర్పాట్లు అయిపోయాయి. మేం వచ్చిన రోజే నువ్వు కడుపునొప్పని సెలవు పెట్టడం ఏమిటి? ఇంటికొచ్చి చూద్దామంటే పెద్దసారు కారు ఆపలేదు.

ఏం జరిగిందో ఈపాటికి విని ఉంటావు. కళ్ళారా చూసినదాన్ని నేను చెబుతాను. ఇద్దరినీ పోస్టరు కింద నిలబెట్టారు, చేతుల్లో దుప్పటి పట్టించి. చిన్నామెను మాట్లాడమన్నారు. “మా వదిన అన్న మాటండి ఇది. ఇది విన్నాకే నాకు అన్నం సయించింది” అంది.

“నేననలేదు” అంది పెద్దామె.

పెద్దసారు నవ్వి, “సిగ్గుపడకమ్మా” అన్నారు.

“సిగ్గు కాదండి. అనలేదు.”

చిన్నామె ముఖం చూడలేకపోయాను. “పోనీ ఇప్పుడైనా అను వదినా” అంది, ఎవరూ లేనట్టు.

పెద్దామె దుప్పటి కొసలు వదలకుండానే మరదలి వైపు తిరిగింది. “వాడు ఉన్నాడో లేడో కూడా తెలియదే. ఇక్కడ లేనివాడి మీద తప్పు రాసి నీ చేతిలో ఎలా పెట్టనే? మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నేను చూశానా? ఈ మాట రాకూడదనే కదా ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని నీ ఎదురుగా నిలబడ్డాను” అంది.

చిన్నామె తన వైపు కొసలు వదిలేసింది. దుప్పటి నేల మీద పడింది. తియ్యడానికి ఎవరూ వంగలేదు.

పెద్దసారు మండిపడ్డారు. నిన్న నివేదిక తయారైంది. ‘తాను అన్న మాటను తానే కాదని అబద్ధమాడి, తోటి కార్మికురాలిని అవమానించింది’ అని. ఆమె కాదంటుందని నువ్వు ముందే రాసిన ఉత్తరం సాక్ష్యంగా జతచేశాను. కింద సంతకం చేస్తేనే నా ఉద్యోగం కాగితం ఇస్తామన్నారు. చేశాను. ఆమెను తీసేస్తున్నారట. నాకు బాధగానే ఉంది. కానీ అంత మంచిమాట అనగలిగిన మనిషి, అంత అబద్ధం ఎలా ఆడిందన్నయ్యా?

నీ చెల్లి

*

చెల్లాయికి,

నిన్న పెద్దామె తన చెప్పులూ, ఏప్రనూ తీసుకెళ్ళడానికి వచ్చింది. బల్ల దగ్గర చిన్నామె ఒక్కతే ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు చిన్నామెకి జోడీగా మేనేజరు తన బావమరిదిని పెట్టాడు. వాడు నోరు మూయడు. దుప్పట్లు మాత్రం గాడిద మోసిన మూటల్లా నలిగి వస్తున్నాయి. మరక ఉన్నవి కూడా మడతేసి ఆసుపత్రికి పంపేస్తున్నారు. గోడ మీద పోస్టరు అలాగే ఉంది. దాని మీద మీసాలు గీద్దామని పెన్సిలు తీసి, గీయలేక జేబులో పెట్టుకున్నాను. నేను కూడా గీయలేనివి ఉంటాయని ఇప్పుడే తెలిసింది.

వెళ్తూ వెళ్తూ పెద్దామె నా దగ్గర ఆగింది. “ఏమయ్యా, నిజం చెప్పు. నేనెప్పుడైనా నీతో అలా అన్నానా? అందరూ అన్నావంటున్నారు. నాకేమైనా మతిమరుపు వచ్చిందా అని భయమేస్తోంది” అంది.

“ఏమో, గుర్తులేదు” అన్నాను.

తలూపి వెళ్ళిపోయింది. నామీద కోపం కూడా లేదు. తన బుర్ర మీదే అనుమానం పెట్టుకుని వెళ్ళింది.

ఈ ఉత్తరాన్ని మీ పెద్దసారుకి చూపించు. నీ ఉద్యోగం పోతుందని తెలుసు. నాది కూడా పోతుంది. పిల్లను తీసుకుని నా గదికి వచ్చెయ్యి. ఇరుకే, గోడకు చెమ్మ కూడా ఉంది. చూపించకుండా చింపేస్తావా, అదీ నీ ఇష్టమే. నిన్ను తప్పుపట్టే అర్హత నాకెక్కడ ఏడ్చింది?

పెద్దామె అబద్ధమాడలేదు చెల్లాయ్. ఆ రోజు టీ వేళ ఆమె నా పక్కన కూర్చోలేదు. నిట్టూర్చలేదు. మరదలి చెయ్యి గురించి ఎత్తలేదు. నీ ఉత్తరం చదివి, ఏ మాట వింటే చిన్నామె ప్రాణం లేచొస్తుందా అని ఆలోచించి, మంచం మీద పడుకుని ఆ మాటను నేనే అల్లాను.

నీ అన్నయ్య