ఎర్రనీళ్ళ పాఠం

శ్రీరామ

చర్ల నుంచి

అక్కా,

ఫోన్లో నువ్వు ప్రతిసారీ "బాగున్నావా" అని అడుగుతావు, నేను ప్రతిసారీ "బాగున్నానక్కా" అంటాను. ఇక్కడ ఫోను మాట్లాడాలంటే బడి వెనక గట్టెక్కి నిలబడాలి. చుట్టూ పిల్లలుంటారు. వాళ్ళు వింటుండగా చెప్పలేని సంగతి ఒకటి మనసులో పెట్టుకొని తిరుగుతున్నాను. అందుకే చివరికి కలం పట్టాను.

నువ్వు, బావగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. కోడలికి నెలలు నిండుతున్నాయి కదా, బరువులు ఎత్తనివ్వకు. నా ఆరోగ్యానికి ఏమీ లోటు లేదు. మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది. నిజంగానే తగ్గింది, దిగులు పడకు.

ఇక్కడి వాన మన మధిర వానలా కాదు, పట్టుకుంటే వదలదు. చీరలు పొయ్యి దగ్గర ఆరేసుకుంటాను, కట్టుకుంటే పొగ వాసన. గదిలో రాములవారి పటానికి చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవరు కట్టాను, హారతిచ్చేటప్పుడు విప్పుతాను. హాస్టల్లో అన్నం, పప్పు, అప్పుడప్పుడు వెదురు కొమ్ముల కూర. మొదట నోటికి సహించలేదు, ఇప్పుడు అడిగి మరీ వేయించుకుంటున్నాను. సాయంత్రాలే కష్టం. పిల్లలు వాళ్ళ కోయ భాషలో నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు, నాకొక్క ముక్క అర్థం కాదు.

యాభై ఏళ్ళకు డ్రాయింగు టీచరు ట్రైనింగేమిటని అందరూ అన్నప్పుడు నువ్వొక్కదానివే "పోయి రా" అన్నావు. ప్రాక్టీసు పాఠాలకని ఈ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు వేశారు. నా మొదటి పాఠం రంగులు కలపడం. తీరా ఆ రోజుకు రంగుల సీసాలు రాలేదు. వాగు పొంగి బస్సు ఆగిపోయింది. పాఠం ఆపడమెందుకని వంటింట్లోంచి పసుపు, తాంబూలం కోసం నేను తెచ్చుకున్న సున్నం పట్టుకెళ్ళాను. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, చిటికెడు సున్నం వేసి వేలితో తిప్పితే ఎర్రగా మారాయి.

"చూశారా, రెండు రంగులు కలిస్తే మూడో రంగు పుట్టింది" అన్నాను.

చప్పట్లు కొడతారనుకున్నాను. ముందు వరసలో కూర్చునే జోగి అనే పిల్ల మెల్లగా అడిగింది.

"ఎవరికి టీచర్?"

"ఎవరికేమిటమ్మా?"

"గా నీళ్ళు."

"ఎవరికీ కాదు. పాఠానికి" అని నవ్వాను.

గంట కొట్టాక పళ్ళెం పట్టుకెళ్ళి గేటు బయట, మూడు దారులు కలిసేచోట పారబోశాను. మనింట్లో దిష్టి తీసిన నీళ్ళు ఎక్కడ పోస్తాం అక్కా? చేతులు వాటంతటవే అటు వెళ్ళాయి. సాయంత్రం జోగి తెలియక ఆ తడి తొక్కిందట. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. కబురు విని వాళ్ళమ్మ అడవి దారిన తడుస్తూ వచ్చింది. తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"పంతులమ్మా, ఎవరికి తీసినవ్ దిష్టి?"

"ఎవరికీ తీయలేదమ్మా. అది రంగు, పిల్లలకు చూపించాను."

"రంగైతే తొవ్వల ఎందుకు పోసినవ్? మీ ఇంట్ల రంగులు తొవ్వల పోస్తరా?"

వంట చేసే మంగమ్మ నా వైపు మాట్లాడబోయింది. "ఆమెకేం తెల్వదు పాపం, కొత్తగొచ్చింది."

"తెల్వకుంటనే నీళ్ళు ఎర్రగైనయా?" అని ఆ తల్లి ఎదురడిగింది.

పిల్లను ఇంటికి తీసుకుపోతానంది. ముందు దవాఖానకు పోదాం, రక్తం చూపిద్దాం అని బతిమాలాను. ఆమె ఒకటే మాట పట్టుకుంది.

"నువ్వు పోసినవ్, నువ్వే తియ్యాలె. గప్పుడు వస్త దవాఖానకు."

వార్డెనమ్మ ఊళ్ళో లేదు. పిల్ల కళ్ళు తెరవడం లేదు. ఏం చేయను? మళ్ళీ పసుపు, సున్నం కలిపాను. రాములవారిని తలుచుకొని జోగికి దిష్టి తీశాను. సగం నీళ్ళు నా చీరమీదే పడ్డాయి. ఆమె మాట తప్పలేదు, వెంటనే ఆటో ఎక్కింది. మలేరియా అన్నారు, మాత్రలిచ్చారు. పిల్లను మాత్రం ఆమె ఇంటికే తీసుకుపోయింది.

ఆ వారంలో రంగుల సీసాలొచ్చాయి, మా ట్రైనింగు సారూ పాఠం చూడటానికి వచ్చారు. పిల్లలు పసుపు రంగులో తెలుపు కలిపి గిరగిరా తిప్పుతున్నారు. "ఎర్రగైతలేదు టీచర్" అని ఒకతి, "గట్టిగ తిప్పవే" అని ఇంకొకతి. సారు నాకు నెమ్మదిగానే చెప్పారు. పసుపులో తెలుపు కలిపితే లేత పసుపే అవుతుంది, పసుపు కొమ్ము గుణం వేరు, సున్నం తగిలి అదే మారిపోతుంది, దాన్ని రంగులు కలపడం అనరు అని. తల ఎత్తలేకపోయాను. పాఠం మళ్ళీ చెప్పమన్నారు, వచ్చే వారం మళ్ళీ వస్తారు.

మొన్న సంతరోజు జోగి వాళ్ళమ్మ పిల్లను తీసుకొని వచ్చింది. పిల్ల చిక్కిపోయింది గానీ నవ్వుతోంది. నాకోసం కొంగు నిండా బోడకాకరకాయలు తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు తీస్తెనే పోయింది పంతులమ్మా" అంది.

"నాదేముందమ్మా, మాత్రలు..."

"అవ్, మాత్రలు గూడ. గాని నీ చేతుల ఉంది, పెట్టేది గూడ, తీసేది గూడ. బడికి తోలుత. నీ క్లాసుల మాత్రం కూసోదు."

కోపంగా అనలేదక్కా. గౌరవంగానే అంది. అదే నన్ను తినేస్తోంది. ఆ రోజు నేను దిష్టి తీయకపోతే ఆమె దవాఖానకు వచ్చేది కాదు. తీశాను కాబట్టి, పెట్టింది కూడా నేనే అని ఆమెకు ఖాయమైపోయింది. రంగు అని నోటితో చెప్పి, దిష్టి అని చేత్తో ఒప్పుకున్నాను. ఇందులో ఏది నమ్మమని ఆమెను అడగను?

నా గంట రాగానే జోగి పలక పట్టుకొని వరండాలోకి వెళ్ళిపోతుంది. నిన్న పాఠం వరండాలోనే చెబుదామని అందరినీ బయటికి తెచ్చాను. అది లేచి వానలోకి వెళ్ళి నిలబడింది. వెంటనే అందరినీ లోపలికి తీసుకుపోయాను. మళ్ళీ అలా చేయను.

వచ్చే వారం సారు అడుగుతారు, ఆ పిల్ల బయటెందుకుందని. ఉన్నది చెబితే, బడిలో దిష్టి తీసిన టీచరని రాసుకుంటారు. నా సర్టిఫికెట్టు ఏమవుతుందో తెలియదు. పిల్లకు ఒంట్లో బాగాలేదని చెబుదామా అనుకున్నాను. కానీ మళ్ళీ నా నోటితో ఆ పిల్ల మీద జబ్బు పెట్టినట్టే కదా! అంత పని చేయలేను. ఉన్నదే చెబుతాను. జరిగింది విడమరచి చెప్పడానికి ఆ తల్లి ఇంటికి వాళ్ళ భాష తెలిసినవాళ్ళను ఎవరినైనా నాకు తోడు పంపమని కూడా అడుగుతాను. గొంతు పెగలాలని నాకోసం ఆ రామయ్యకు ఒక దండం పెట్టు.

నీ పాత నూలు చీరలుంటే చింపి పంపు, కుంచెలు తుడవడానికి కావాలి. కుదిరితే ఉసిరికాయ పచ్చడి. మీ అత్తగారికి నా పాదాభివందనాలు చెప్పు. కోడలికి నా దీవెనలు. నీ దీవెన నాకు కావాలి.

ఈ కాగితాలు నీ పెట్టెలో దాచు, ఎవరికీ చూపించకు. బావగారికి కూడా వద్దు. ఆయన మనసు మంచిదే, కానీ చదవగానే ముందు నవ్వుతారు. ఆ నవ్వు నా మీద పడితే ఫరవాలేదు, ఆ తల్లి మీద పడకూడదు.

నీ చెల్లెలు,
అనసూయ