వెనక సీటు లేని ఇటలీ బండి

జహీరాబాద్, బుధవారం

నాగశ్రీకి,

నేను కులాసా. ఫోనులో చెప్పడానికి నోరు రాక ఈ కార్డు ముక్క రాస్తున్నాను. మా ఫ్యాక్టరీ అనిల్‌కి బదిలీ అయింది కదా, కొంటానేమో తోలి చూడమని తన ఇటలీ రేసు బైకుని పదిరోజులు నాకు వదిలాడు. కోహీర్ రోడ్డెక్కితే దాని చప్పుడుకి షిఫ్టు అలసట సగం పోతుంది. ఇంజను వేడికి తొడలు మాడుతున్నాయి, వంగి వంగి నడుము పట్టేసింది, రిపేరొస్తే హైదరాబాదు పోవాలి. అయినా తీసుకుందామనే అనుకున్నాను.

నిన్న పొద్దున ఇంటి ఓనరు శివలీలమ్మగారికి ఆయాసం వచ్చింది. "ఊపిరాడ్తలేదు బిడ్డా, జర దవాఖానకు తోల్కపో" అంటూ వచ్చి బండెక్కబోయింది. వెనక సీటుంటేగా! పక్కింటి మల్లికార్జున్ మోపెడ్ అడిగి, పాలక్యాన్లు దించి తీసుకెళ్లాను. ఇప్పుడు నయంగానే ఉంది. వచ్చేటప్పుడు, "గంత పెద్ద బండి గదా, నీ పెండ్లాం వస్తే ఏడ కూసుంటది?" అనడిగింది.

బండి ఫొటో పంపినప్పుడు "బాగుంది" అని ఊరుకున్నావు. వెనక సీటు లేదని నీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. ఆదివారం అనిల్‌కి తాళం ఇచ్చేస్తాను.

నీ మోకాలు ఎలా ఉంది? గ్యాసు బుక్ చేశావా? వచ్చేటప్పుడు ఆవకాయ చిన్న సీసాలోనే తీసుకురా. మీ బడికి సెలవులెప్పుడో రాయి. బస్టాండుకి మల్లికార్జున్ మోపెడ్ మీదే వస్తాను, వెనక పాల వాసనేస్తుంది, సర్దుకో.

అత్తయ్యగారికి నమస్కారాలు.

చైతన్య