దిండులో గుండీ

రేపల్లె,
12-2-2006.

మీకు సాబిరా సలాములు.

మా అమ్మా, నేనూ, సిమ్రానూ పైకి కనిపించినంత మేరకు క్షేమంగానే ఉన్నాం. అల్లా దయవల్ల మీరూ కువైట్‌లో వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. ముందు సిమ్రాన్ సంగతి అడిగారు. మీ అన్న కూతురికి అయిదేళ్లు నిండాయి. బడిలో వేశాం. అన్నం సరిగ్గానే తింటోంది. తలుపు గట్టిగా పడితే మాత్రం ఇప్పటికీ మంచం కిందికి దూరుతుంది.

తర్వాత, "మా అన్న వదినను చంపుతుంటే నీ కళ్లతో చూశావా, ఊళ్లో వాళ్ల మాటలు పట్టుకుని కోర్టుకెక్కావా?" అని అడిగారు. చంపుతుంటే చూడలేదండి. కోర్టులోనూ అదే చెప్పాను. నేను విన్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం తెనాలిలో మన పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. గదిలోంచి మీ అన్న తిట్లు, వెంటనే గోడకు తల తగిలిన చప్పుడు. మూడుసార్లు తగిలింది. రుక్సానా అక్క "సాబిరా" అని పిలిచింది. రెండోసారి పిలవబోయింది, సగంలోనే గొంతు నొక్కుకుపోయింది. నేను లేచేసరికి అత్తమ్మ వంటింటి తలుపు గడియ పెట్టేసి, "మొగుడూ పెళ్లాల గొడవ. నువ్వు ఉతుక్కో" అంది. నేను ఉతికాను. మీ పాత లుంగీ చిరిగేదాకా ఉతికాను.

సాయంత్రానికి అక్క మూర్ఛ వచ్చి పడి చనిపోయిందన్నారు. మీకూ అలాగే ఫోన్ చేశారు.

ప్రభుత్వం తరఫు లాయరు ఉషశ్రీ గారు నాకు ముందే చెప్పారు: "అతను రోజూ కొట్టేవాడని పక్కింటి దానమ్మ నీతో అంటే, అది నువ్వు చెబితే చెల్లదు సాబిరా. దానమ్మే వచ్చి చెప్పాలి. నీ కన్ను చూసింది, నీ చెవి విన్నది, అంతే. ఊహలు ఇంటి దగ్గర వదిలేసి రా."

కన్ను చూసింది మర్నాడు పొద్దున. సారాబీ అవ్వ అక్కకు ఆఖరి స్నానం చేయిస్తుంటే నేను నీళ్లు పోశాను. మెడకు రెండు పక్కలా వేళ్ల గుర్తులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. కింది పెదవి పంటికి తెగి వేలాడుతోంది. తల ఎత్తితే వెనకవైపు ఎముక నా చేతిలో మెత్తగా కదిలింది. గోళ్ల కింద చర్మం ఇరుక్కుని ఉంది. అవ్వ పుల్ల ఇచ్చి శుభ్రం చేయమంటే చేశాను. అక్క చివరిదాకా పెనుగులాడి పట్టుకున్న సాక్ష్యాన్ని నేనే కడిగి కాలవలో కలిపానని చాలా రోజులకు గాని తెలియలేదు.

"ఏంటవ్వా ఇది?" అన్నాను.

"నోర్ముయ్యవే. స్నానం చేయించిన వాళ్లు శవం మీద చూసింది బయటపెట్టకూడదు. కడుపులో పెట్టుకో."

పెట్టుకున్నాను. తొమ్మిదో రోజున అక్క తమ్ముడు ఫహీం భట్టిప్రోలు నుంచి వచ్చి కేసు పెట్టి, అధికారుల ముందు గోరీ తవ్వించాడు. గొంతులో ఎముక విరిగిందని డాక్టరు రాశారు. ఆ రోజు మెడ మీద గుర్తుల సంగతి ఎస్సై గారికి చెప్పేశాను. ఇంటికి రాగానే అత్తమ్మ, "నీళ్లు పోసింది ఈ చెయ్యేగా" అంటూ కాల్చిన గరిటె నా అరచేతికి అదిమింది. వేడినూనె పడిందని మీకు రాశాను. అది అబద్ధం. ఆ చేత్తోనే సిమ్రాన్‌ను ఎత్తుకుని రేపల్లె బస్సెక్కాను.

మొన్న కోర్టులో ఏం జరిగిందని మీ చివరి ప్రశ్న. మీ అన్న లాయరు కోటేశ్వరరావు గారు గంటసేపు నిలబెట్టారు. నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పమ్మా, ఇక్కడెవరూ నిన్ను పెళ్లిచూపులకు పిలవలేదు. ఆ గుర్తులు మూర్ఛలో పడితే తగిలిన దెబ్బలేమో?"

"పడితే మెడకు వేళ్లు అచ్చుపడవండి."

"శవం మీద చూసింది చెప్పకూడదని మీ ఆచారమటగా. ఆచారమే తప్పినదానివి, నిజం చెబుతావా?"

"దాచమన్నది పోయినామె లోపాన్ని గాని, చంపినవాడి నేరాన్ని కాదని అవ్వే తర్వాత..."

"అవ్వ చెప్పింది మాకొద్దు. అవ్వను తీసుకురా."

అవ్వ పోయిన ఏడాదే చనిపోయింది. ఏడుపొచ్చింది. జడ్జి గారు మంచినీళ్లు ఇప్పించారు.

తర్వాత, ఆ శుక్రవారం తొడుక్కున్నదని పోలీసులు పట్టుకెళ్లిన మీ అన్న చొక్కా తెచ్చారు. మూడో గుండీ లేదు. అక్కడ గుడ్డ కూడా చిరిగింది. కోటేశ్వరరావు గారు తన చొక్కా చెయ్యి చూపించి, "నాకూ ఒకటి ఊడింది. నేనెవర్ని చంపాను?" అంటే అందరూ నవ్వారు. ఆయన నా వైపు తిరిగి, "ఈ గుండీ ఎక్కడుందో నీకేమన్నా తెలుసా?" అన్నారు.

"తెలియదండి" అన్నాను.

ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం అదొక్కటే.

బయటికి రాగానే వరండాలో మీ అన్న నా జడ పట్టి గోడకేసి ఒత్తాడు. బెయిలు మీద బాపట్లలో మీ అక్క ఇంట్లో ఉంటున్నాడు కదా. "కేసు కొట్టేసిన రోజే నా కూతుర్ని పట్టుకుపోతా. నీ మెడ రుక్సానా మెడకంటే సన్నం" అన్నాడు. ఆ వేళ్లు చూశాను. సిమ్రాన్ మెడ నాకంటే సన్నం కదండీ.

వెంటనే వెళ్లి ఉషశ్రీ గారికి అంతా చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

స్నానం రోజున అక్క కుడి పిడికిలి తెరుచుకోలేదు. ఒక్కో వేలూ నేనే విడదీశాను. లోపల ఆ గుండీ ఉంది, చిరిగిన గుడ్డ ముక్కతో సహా. తెల్ల దారం అయిపోతే ఎర్ర దారంతో నేనే కుట్టిన గుండీ. కింద మూడు చుట్లు తిప్పి ముడి వేయడం నాకు నేర్పింది మీరే. అత్తమ్మ నా పెట్టె రోజూ వెతికేది. పారేయడానికి చేయి రాలేదు, దాచడానికి చోటు లేదు. నాలుగో రోజున కొలకలూరు ప్రకాశం కువైట్ వెళుతుంటే మీకు పచ్చడితో పాటు బూరుగుదూది దిండు పంపాను కదా. దాని కుడి మూలలో పెట్టి కుట్టేశాను. ఏడాదిన్నరగా మీరు దాని మీదే తల పెట్టుకుని పడుకుంటున్నారు. మీ పేరు కోర్టుకెక్కకూడదనే తెలియదన్నాను. నన్ను క్షమించండి.

అనుమానం మిగిలితే లాభం ముద్దాయికేనట. నన్ను మళ్లీ బోనెక్కించమని ఉషశ్రీ గారు అర్జీ పెట్టారు. వచ్చే నెల ఇరవయ్యో తేదీ వాయిదా. "ఇన్నాళ్లూ ఎక్కడుందని అడుగుతారు, అబద్ధమెందుకు చెప్పావని కూడా అడుగుతారు. నీకు శిక్ష పడినా పడొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు.

దిండు మూల విప్పి చూడండి. ఆ ముడి ఎవరిదో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సముద్రంలో విసిరేస్తే నేను చూడలేను. కానీ అది మా ఆయన దగ్గరుందని ఇరవయ్యో తేదీన గట్టిగా చెప్పబోతున్నాను. ఆ తర్వాత అడగాల్సింది మిమ్మల్ని. నా మాట విని చెప్పకండి. మీరు చూసింది చెప్పండి.

ఇట్లు,
మీ ఇంటి ఇల్లాలు, సిమ్రాన్ పిన్ని
సాబిరా