పేరు పక్కన ‘పోయినారు’

హోసూరు, 2006, శుక్రవారం

ఆసుపత్రి క్యాజువాలిటీలో ఏ రోగి ఎక్కడున్నాడో బంధువులకు చూపించే మా కంపెనీ కంప్యూటర్ తెర ఈ రోజే పెట్టాం. ‘ఎక్స్‌రేకు పోయినారు’ అని నేను రాస్తే, అక్షరాలు పెద్దగా కనపడాలని మా మేనేజరు మొదటి మాట కొట్టేశాడు. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

కాలు విరిగిన మొగుణ్ణి రాయకోట నుంచి తెచ్చిన ఒకామె, ఆయన పేరు పక్కన ‘పోయినారు’ అని చదివి, “నా మొగుడు పోయినాడే!” అంటూ గుండెలు బాదుకుంది. వెంట వచ్చిన చుట్టాలంతా ఏడుపు అందుకున్నారు. అంతలో స్ట్రెచర్ మీద ఆయనే తిరిగొచ్చి, “ఎవురమ్మే పోయినారు?” అని తనూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మేనేజరుకి ఫోన్ చేశాను. “స్పెల్లింగ్ కరెక్టే కదప్పా, ఇంక మార్చేదేముంది?” అన్నాడు.

తెర ఇంకా ఆడనే వెలుగుతోంది. ఈపాటికి ఇంకెంతమందిని చంపేసిందో!