బూట్లో జాంగ్రీలు

ఒరేయ్ నరసయ్యా, నేనూ నీ పెళ్లామూ మిరపకాయల కోతకు పోతున్నాం. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పొయ్యి పక్కన పెట్టాను, తిను. కాలి పుండుకు మందు రాసి పొడిగుడ్డ కట్టుకో.

పొద్దున చీమల బారు చూసి నీ బూటు తిరగేస్తే పాకం కారే జాంగ్రీలు రాలాయి. చీ, తినేదాన్ని చెమట కంపు బూట్లో దాస్తావంట్రా? నీ కూతురేమో, "నాన్న బూటుకీ షుగరొచ్చిందా నాయనమ్మా?" అంటూ ఒకటే నవ్వు.

తిన్నాక ఇంకో మాత్ర మింగితే సరిపోద్దనుకుంటున్నావు. డాక్టరు ఏం చెప్పాడు? ఇన్సులిన్ ఉన్నా నీ ఒళ్లు దాని మాట వినడం లేదన్నాడు. చక్కెర నెత్తుట్లోనే నిలిచి రక్తనాళాల గోడలు పాడుచేస్తే, అక్కడ కొవ్వు పేరుకుంటుందంట. మన బోరు పైపులో సున్నం పేరుకుని ధార సన్నబడలా? అట్టాగే నీ కాలికి నెత్తురు చాలక నాలుగడుగులకే పిక్క పట్టేస్తోంది, పుండు మానడం లేదు. ఇట్టాగే తింటే కాలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు, గుండెకూ ముప్పేనన్నాడు.

జాంగ్రీలు పెంటలో పారేశాను, వెతకబాకు.

అమ్మ

మరిచాను, ఆ బూటు కడిగి ఎండలో పెట్టాను. రెండోది కూడా తోమాను. నీకు రెండూ కావాలిరా నాయనా.