గడప దగ్గర లేని చెప్పులు

డ్రెస్డెన్,
ఆదివారం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లె శైలజ దండం పెట్టి రాస్తున్నది. నా ఒంట్లో బాగుంది. ఆ మాట ముందే చెప్తున్నాను, లేకుంటే మిగతా ఉత్తరమంతా గాబరాతోనే చదువుతావు. నీ నడుం నొప్పి తగ్గిందా? బావ సిరిసిల్ల నుంచి వారం వారం కోరుట్లకు వస్తున్నాడా? మరమగ్గాల సాంచాల మోతకు చెవుల్లో దూది పెట్టుకోమన్నానని చెప్పు. నేను ఫోన్‌లో చెప్తే "ఆఁ? ఏందీ?" అంటాడు. దూది ఎందుకో అందులోనే తెలుస్తోంది కదా. అమ్మ, బాపు, పిల్లలు అందరూ బాగున్నారని అనుకుంటాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేందని నవ్వుతున్నావు, నాకు తెలుసు. ఫోన్‌లో మనం "తిన్నవా, పండుకున్నవా" దాటి ఎప్పుడైనా పోయామా? ఇప్పుడు చెప్పాల్సిన సంగతి నీ గొంతు వింటూ చెప్పలేను, సగంలోనే ఏడ్చేస్తాను. అందుకే కాగితం ముందు పెట్టుకొని బడి తెలుగులో రాస్తున్నాను. మధ్యలో పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

ఇక్కడ చలి బాగా ముదిరింది. నాలుగింటికే పొద్దు గూకుతుంది. తిండి అంటే రొట్టె, ఆలుగడ్డ, మళ్ళీ రొట్టె. నువ్వు పంపిన నువ్వుల పొడి డబ్బాలో అడుగు కనిపిస్తోంది, ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపు. మొన్న సర్వపిండి పెట్టుకుంటే పొగకు గంట మోగి, పై అంతస్తు పెద్దాయన చెప్పులైనా లేకుండా దిగివచ్చాడు. తిట్టడానికి వచ్చినవాడు ఒక ముక్క తిని, ఇంకో ముక్క అడిగి పట్టుకుపోయాడు. ఈ మధ్య ఆఫీసు బయట నాతో నోరు విప్పి మాట్లాడింది ఆయనొక్కడే. ఒంటరిగానే ఉంది, అబద్ధం చెప్పను. అంతమాత్రాన తిరిగి వచ్చేస్తుందేమో అనుకోకు. చేతిలో పని అయ్యేదాకా కదలను.

ఆ పనేమిటో పోయినసారి అడిగావు. "కంప్యూటర్ పని" అని తప్పించుకున్నాను. ఇప్పుడు మన బీడీల కార్ఖానాతో పోల్చి చెప్తాను, నీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

కంప్యూటర్‌లో అన్నిటికంటే అడుగున కెర్నెల్ అనే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. నీ చేతిలోని ఫోన్‌లో కూడా ఉంది. ఫోటోలైనా, పాటలైనా, పైనున్న ప్రోగ్రాములన్నీ దాన్ని అడిగే ఫైళ్ళు తెరుస్తాయి. ఒకే ఫైలును ఒకేసారి నలుగురు వాడుకోవచ్చు. ఒకరి పని అయిపోయిందని ఫైలు మూసేస్తే ఇంకా లోపల ఉన్నవాళ్ళ పని పాడవుతుంది. అందరూ వెళ్ళాకే మూయాలి. అందుకని లోపల ఎందరున్నారో కెర్నెల్ లెక్క పెట్టుకుంటుంది. కార్ఖానాలో మనం గడప దగ్గర చెప్పులు చూసుకునేవాళ్ళం కదా, అదే పద్ధతి. ఆఖరున లేచినవాళ్ళు గడప చూడాలి. తమ జోడు ఒక్కటే ఉంటే తాళం వేసుకొని పోవాలి. ఇంకో జోడు ఉందంటే లోపల ఎవరో ఉన్నట్టు.

ఈ లెక్క రాసిన కోడ్ చాలా పాతది. మొదట రాసినాయన యోహాన్, మా ఆఫీసులోనే ఉన్నాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. తర్వాత చాలామంది చేయి పెట్టడంతో ఒక్కోచోట ఒక్కో తీరుగా తయారైంది. దాన్నంతా ఒకే పద్ధతిలోకి తేవడం నా పని. కొత్తగా ఏదీ కనిపించదు, పాతది ఏదీ ఆగకూడదు. మనుషులు కాపురం ఉండగానే ఇంటి దూలాలు మార్చినట్టు అనుకో. ఎనిమిది నెలలు చేశాను. నలభై చిన్న ముక్కలుగా విడగొట్టి, లోకంలో ఎవరైనా చదవగలిగే చోట ఒక్కొక్కటిగా పెట్టాను. ప్రతి ముక్క కింద రాసినవాళ్ళ పేరు ఉండాలి. నా పేరు పక్కన కోరుట్ల అని కూడా రాద్దామనిపించింది కానీ నవ్వుతారని మానేశాను.

ఐదు వారాల కింద ఆ ముక్కలను పరీక్షకు తీసుకున్నారు. ఆ రోజు నీకు ఫోన్ చేసి ఊరికే నవ్వాను, గుర్తుందా? నాలుగో రోజు బ్రెజిల్ నుంచి ఒకామె రాసింది. పరీక్ష కోసం పెట్టుకున్న మెషీన్‌లో, రాస్తూ ఉన్న ఫైలు మధ్యలోనే పాడైందట. చదివినవాళ్ళంతా తప్పు పాత కోడ్‌దేనని తేల్చారు. యోహాన్ అప్పట్లో సరిగా చూసుకోలేదన్నారు. పాపం ఆయన కూడా "అయ్యుండొచ్చు, నాకిప్పుడు గుర్తు లేదు" అని రాశాడు.

ఆ మధ్యాహ్నమే తప్పు నాకు దొరికింది. అది నాదే. ఏ పనైనా మధ్యలో చెడితే వెనక్కి వచ్చే దారి ఒకటి రాసిపెట్టాలి. ఆ దారిలో ఒక మనిషి లెక్కను నేను రెండుసార్లు తీసేశాను. ఒకరు బయటికి పోతే ఇద్దరు పోయినట్టు చూపిస్తోంది. లోపల మనిషి ఉండగానే తాళం పడుతోంది.

దొరికాక ఏం చేశానంటావు? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఒకటి కాదు, రెండు రోజులు. చప్పుడు చేయకుండా సరిచేసి పంపిస్తే పాత తప్పు పట్టుకున్న పిల్ల అని నాకే పేరొస్తుంది కూడా. మూడో రోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే ఉన్నట్టుండి మన కార్ఖానా లస్మవ్వ గొంతు గుర్తొచ్చింది. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

అక్కా, ఇప్పుడు అసలు సంగతి.

జగిత్యాల కాలేజీలో నువ్వు డిగ్రీ దరఖాస్తు ఇవ్వాల్సిన ఆఖరు రోజు అది. రెండు గంటల బస్సుకు పోవాలి. "గింత ఆకు తడిపి పోతనే" అని కార్ఖానా వెనక అర్రలోకి వెళ్ళావు. నాకు పదమూడేళ్ళు. నా చెప్పు తెగింది. తెగినవి చేతిలో పట్టుకొని, గడప దగ్గరున్న నీ చెప్పులు వేసుకొని ఇంటికి పోయాను, రెండు నిమిషాల్లో తిరిగి రావచ్చని. ఇంట్లో టీవీ నడుస్తోంది, అక్కడే కూర్చున్నాను. అక్కడ కార్ఖానాలో మధ్యాహ్నం పని ముగిసి, లస్మవ్వ అందరికంటే ఆఖరున లేచింది. గడప చూసింది, తన జోడు ఒక్కటే ఉంది. తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకొని, మల్యాలలో ఉన్న బిడ్డ దగ్గరికి బస్సెక్కింది. పక్కన రైస్ మిల్లు మోతలో నీ అరుపులు ఎవరికీ వినబడలేదు.

ఐదు దాటాక బాపు వాళ్ళు వెతుక్కుంటూ పోయి తాళం పగలగొట్టారు. ఆ గుంపు వెనక నేనున్నాను. అందరూ తలుపు మీద పడి ఉండగా నీ చెప్పులు విడిచి గడప పక్కన పెట్టి, వట్టి కాళ్ళతో వెనక్కి జరిగాను. నువ్వు బయటికి వచ్చేసరికి అవి అక్కడే ఉన్నాయి. అందరూ చూశారు.

మర్నాడు లస్మవ్వ ఎంత మొత్తుకుందో నీకు గుర్తుండాలి. "నా కండ్లతోని చూసిన బిడ్డా. నా జోడు తప్ప ఒక్క జోడు లేదు. నా మనుమల మీద ఒట్టు." నువ్వు "మరి గివేంది? ఎగిరచ్చినయా?" అన్నావు. కార్ఖానా నడిపే టేకేదారు ఆమె దగ్గర తాళంచెవి తీసేసుకున్నాడు. "లస్మవ్వకు కండ్లు కనవడుతలెవ్వు" అని కార్ఖానా అంతా అన్నది. వినీ వినీ ఆమెకే అనుమానం వచ్చి జగిత్యాల పోయి కళ్ళు చూపించుకుందట. అమ్మ చెప్తే విన్నాను, విని అన్నం తిని పడుకున్నాను. పదిహేడేళ్ళుగా నువ్వు ఆమెతో మాట్లాడవు. ఎదురైతే పక్క సందులోకి తిరుగుతావు.

మళ్ళీ ఏడాది దరఖాస్తు పెట్టమంటే పెట్టలేదు. "నాకు గీ బీడీలు సాలు. నువ్వు సదువుకోవే" అన్నావు. నీ చెప్పులు వేసుకొనే నేను ఇంతదూరం వచ్చాను అక్కా. ఆ మాట రోజూ అనుకుంటాను, ఒక్కరోజూ నీకు చెప్పలేదు.

లస్మవ్వ గొంతు గుర్తొచ్చిన ఆ పొద్దున్నే ఆఫీసుకు పోయి అందరూ చదివే చోటే రాశాను. తప్పు యోహాన్‌ది కాదు, నాది, రెండు రోజులుగా తెలిసే ఊరుకున్నాను అని. నలభై ముక్కలూ నేనే వెనక్కి తీసుకున్నాను. పాతది ఎలాగో నడుస్తోంది కదా, ఇక వదిలేయమంది మా మేనేజరు. వదలనన్నాను. చివరికి ఆరు వారాలు ఇచ్చింది. ఆలోగా కాకపోతే ఈ పనినే ఎత్తేస్తారు, ఎనిమిది నెలలూ గంగలో కలిసినట్టే. మర్నాడు యోహాన్ కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చొని, "ఎక్కడి నుంచి మొదలుపెడదాం?" అన్నాడు.

ఇప్పుడు ప్రతిచోటా పని సాఫీగా జరిగే దారి తర్వాత చూస్తున్నాను, చెడిపోయే దారి ముందు చదువుతున్నాను. నాలుగు వారాలు గడిచాయి. ఇరవై ఆరు ముక్కలు మళ్ళీ రాశాను. బ్రెజిల్ ఆమె ప్రతిదీ తన మెషీన్‌లో నడిపి చూస్తోంది, ఒక్క ఫైలూ పాడవలేదు. ఇంకా పద్నాలుగు ఉన్నాయి, రెండు వారాలు ఉన్నాయి. నువ్వు కట్టలో ప్రతి బీడీ సరిచూసుకున్నాకే దారం చుట్టేదానివి. ఆ మొండితనం కొంత నాకూ వచ్చింది. పూర్తి చేసి తీరుతాను, నువ్వేం రంది పెట్టుకోకు.

నీకు కోపం రావాలి, వస్తుంది. ఎంత తిట్టాలో అంత తిట్టు, ఫోన్ ఎత్తకపోయినా సరే. కానీ అంతకంటే ముందు ఒక పని చెయ్యి. ఈ ఉత్తరం పట్టుకొని లస్మవ్వ ఇంటికి పో. ఆమెకు చదువు రాదు, కింద రాసింది నువ్వే చదివి వినిపించాలి. ఇన్నేళ్ళ తర్వాత ఆ గడప తొక్కడం నీకు కష్టమని తెలుసు. పిల్లల చేత మాత్రం చదివించకు.

అమ్మకు, బాపుకు, పెద్దమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ కోపం తగ్గినరోజు నా నెత్తిన చెయ్యి పెట్టినట్టు అనుకో, నాకు అంతే చాలు.

నీ చెల్లె,
శైలజ

లస్మవ్వా,
నేను శైలును. గా దినం గడప కాడ చెప్పులు లెవ్వు. అక్క చెప్పులు నేనే తొడుక్కపోయిన. ఐదు దాటినంక తెచ్చి పెట్టింది గూడ నేనే. నువ్వు చూసిందే నిజం. నీ కండ్లు మంచిగనే ఉండె.