చిమ్వాలా బడికి మూడు కమాన్లు

చిమ్వాలా ప్రాథమిక పాఠశాల,
మలావీ, మే 4.

గౌరవనీయులైన జిల్లా నిర్మాణ సలహా కార్యాలయం ఇంజినీరు గారికి,

చిమ్వాలా బడి ప్రధానోపాధ్యాయుడు ఫైసన్ నమలొంబ నమస్కరించి రాసేది ఏమనగా –

మా బడిలో రెండు వందల ముప్ఫై మంది పిల్లలు, రెండు గదులు. ఒక గది నిరుడు కూలిపోయింది కాబట్టి ఒకటే అనాలి. అందులో పట్టనివాళ్లు మామిడి చెట్టు కింద చదువుతారు. వానలు మొదలైతే వాళ్లను మూడు నెలలు ఇంటికి పంపేస్తాం. ఎక్కాలు మరిచిపోయి, ఎత్తు మాత్రం పెరిగి తిరిగి వస్తారు.

ఇటుకలు ఊరివాళ్లు కాలుస్తామన్నారు. కట్టడానికి మేస్త్రీ చిపిలిరో అవ్వ ఉంది. మాకు కావలసింది ఒక ప్లాను, కాస్త సలహా, మీ గోదాములోంచి సిమెంటు. పద్నాలుగేళ్లుగా ఇదే ఉత్తరం రాస్తున్నాను. ఈసారి సిరా రంగు మార్చి చూస్తున్నాను.

ఇట్లు,
ఇంకా ఆశ వదలని
ఫైసన్ నమలొంబ

తా.క.: నేను మొదటి ఉత్తరం రాసినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు ఇప్పుడు మా బడిలోనే టీచరు.

* * *

జిల్లా నిర్మాణ సలహా కార్యాలయం,
మే 23.

నమలొంబ మాస్టారికి,

మీ ఉత్తరం అందినది. ప్లాను జతపరచడమైనది. మిక్కిలి దృఢమైన కట్టడం. మొదటి విడత సిమెంటు చీటీ ముద్రతో సహా పంపుతున్నాము. ప్లానులో ఒక్క గీత కూడా మార్చరాదు.

ఇంజినీరు గారి తరఫున,
గ్రేషస్ ముతాంబలిక

తా.క.: ప్లాను పేరు రాసి ఉన్న మూలను చెదలు తిన్నాయి. కట్టడం జోలికి పోలేదు.

* * *

చిమ్వాలా, జూన్ 15.

మహోపకారులైన అయ్యగారికి,

మీ ఉత్తరాన్ని ఊరంతా చదివించుకుంది. చదువు రానివాళ్లు ముద్రను వేలితో తడిమి చూశారు. పునాది తీసేశాం.

చిన్న సందేహాలు. ప్లానులో నాలుగు లావుపాటి స్తంభాలు, వాటి మధ్య మూడు కమాన్లు, పైన చదునైన కప్పు, కప్పుకు రెండు పక్కలా పిట్టగోడ ఉన్నాయి. ఆ చివరా ఈ చివరా కప్పు మీదికి మట్టి దారి ఎక్కుతోంది. గోడలు, తలుపులు, కిటికీలు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. పిల్లలు పైన కూర్చోవాలా, కింద కూర్చోవాలా? నల్లబల్ల ఎక్కడ తగిలించాలి?

ఇట్లు,
మట్టి చేతులతో
నమలొంబ

తా.క.: చిపిలిరో అవ్వ ప్లాను చూసి పావుగంట నవ్వింది. సంతోషంతోనే అయ్యుంటుంది.

* * *

కార్యాలయం, జులై 2.

మాస్టారికి,

నల్లబల్ల గురించి మా దగ్గరున్న పుస్తకంలో ఏమీ లేదు. తలుపులు పెట్టకపోవడం గాలి బాగా ఆడటానికని భావిస్తున్నాము. ప్లాను వెనక అచ్చయి ఉన్న ప్రశ్నలకు వెంటనే జవాబు పంపితే రెండో విడత సిమెంటు విడుదలవుతుంది. రోజుకు ఎన్ని లారీలు వస్తాయి? నీళ్లు ఎంత ఎత్తున, ఎంత వేగంగా పారతాయి? పశువుల రాకపోకలు ఉంటాయా?

ఇంజినీరు గారి తరఫున,
గ్రేషస్ ముతాంబలిక

తా.క.: మీ బడిలోనే చదివిన ఆ కొత్త టీచరుకు నా అభినందనలు. ఇది కార్యాలయం తరఫున కాదు, నా తరఫున.

* * *

చిమ్వాలా, జులై 20.

అయ్యా,

మీ ప్రశ్నలకు జవాబులు. లారీలు రావు. సైకిళ్లు రెండు వస్తాయి, వాటిలో నాదానికి చైను లేదు. నీళ్లు ఒక కుండెడు. ఎత్తు మోకాలి దాకా. వేగం మాత్రం ఆటల బెల్లు కొట్టాక చూడాలి. పశువుల విషయానికొస్తే, మేకలు మూడో తరగతికి క్రమం తప్పకుండా వస్తున్నాయి. హాజరు పిల్లలకంటే మెరుగు.

రెండు కమాన్లు లేచాయి. వానలకు ఇంకా నాలుగు నెలల సమయం ఉంది. దయచేసి సిమెంటు ఆపకండి.

ఇట్లు,
నమలొంబ

తా.క.: అవ్వ మీకు చెప్పమంది: "ఇంత బలమైన బడిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు."

* * *

అక్టోబరు 29.

మాస్టారూ,

ఘోరం జరిగిపోయింది. పని ఆపెయ్యండి! నేను ఇంజినీరును కాను. ఇంజినీరు గారి తరఫున అని రాశానే గాని, అసలు ఇక్కడ ఇంజినీరే లేరు. ఆయన బదిలీ అయి మూడేళ్లయింది. నేను బంట్రోతును. వచ్చిన ఉత్తరాలన్నీ ఆయన కుర్చీలో పెట్టేవాణ్ని. కుర్చీ నిండిపోయింది. సిమెంటు గోదాములో గడ్డకడుతోంది. పద్నాలుగేళ్లని మీరు రాస్తే ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఎవరో ఒకరు జవాబివ్వాలి కదా అనిపించి, అల్మారాలో చెదలు వదిలిపెట్టిన ఒకే ఒక్క ప్లానును మీకు పంపేశాను.

నిన్న దాని నకలు ఇంటికి పట్టుకెళ్తే మా ఆవిడ చూసి, "ఇదేంటయ్యా, మా అమ్మావాళ్ల ఊరికి పోయేటప్పుడు బస్సు దాటే వంతెన కదా!" అంది.

మాస్టారూ, మీ చేత నేను వంతెన కట్టించాను. సోమవారం కొత్త ఇంజినీరు వస్తున్నారు. ఆయన అడిగితే తప్పంతా నాదేనని చెప్పండి. ఉద్యోగం ఎలాగూ పోతుంది. పిల్లలు తడుస్తారన్నదే నా బాధ.

క్షమాపణలతో,
గ్రేషస్

తా.క.: ముద్ర మాత్రం నిజమైనదే.

* * *

చిమ్వాలా, నవంబరు 20.

ప్రియమైన గ్రేషస్ తమ్ముడికి,

ముందు అన్నం తిను. తర్వాత చదువు.

అది వంతెన అని మాకు మొదటి రోజే తెలుసు. అవ్వ నవ్వడం ఆపి, "మాస్టారూ, ఇది వంతెన. అయితే ఏం, కమాను కింద వాన పడదు కదా? మిగతాది నేను చూసుకుంటా" అంది. పద్నాలుగేళ్లకు వచ్చిన కాగితాన్ని తప్పని వెనక్కి పంపే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే ఏమీ తెలియనట్టు నల్లబల్ల గురించి అడుగుతూ వచ్చాను. నువ్వు కూడా నాలాగే ఏమీ తెలియకుండా జవాబులిస్తున్నావని మాత్రం ఊహించలేదు.

ప్లానులో ఒక్క గీత కూడా మార్చలేదు. కొన్ని కలిపాం, అంతే. నువ్వు పంపిన రెండో విడత సిమెంటుతో మూడో కమాను లేపి, కమాన్లకు ముందూ వెనకా ఇటుక గోడలు పెట్టి, తలుపులూ కిటికీలూ బిగించాం. మూడు కమాన్లు మూడు తరగతులు.

మంగళవారం తొలి వాన పడింది. ఉరుములు, వడగళ్లు. నేను అలవాటు కొద్దీ పిల్లల్ని ఇళ్లకు పంపే గంట కొట్టడానికి లేచాను. ఒక్కరూ కదల్లేదు. గంట తాడు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

అదే వానలో తనిఖీకి వచ్చిన మీ కొత్త ఇంజినీరు తడిసి ముద్దై మా రెండో తరగతిలోకి పరుగెత్తుకొచ్చాడు. కప్పు చూశాడు, గోడ మీద గుద్ది చూశాడు. "జిల్లాలో వాన కారని బడి ఇదొక్కటే. ఈ సలహా ఎవరిది?" అన్నాడు. నీ పేరు చెప్పేశాను, బంట్రోతువన్న సంగతితో సహా. ఆయన ఇంకోసారి కప్పు కేసి చూశాడు. తర్వాత, "నా కుర్చీలో ఉన్న మిగతా ఉత్తరాలు కూడా అతని చేతే చదివించుకుంటాను" అన్నాడు. కాబట్టి నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, పని మాత్రం పెరుగుతుంది.

ఇట్లు,
నీ అన్న
ఫైసన్ నమలొంబ

తా.క.: వెళ్తూ వెళ్తూ ఇంజినీరు చిపిలిరో అవ్వతో, "అంతా బాగుంది గాని, దీని కింద నది ఏదమ్మా?" అన్నాడు. అవ్వ తడుముకోకుండా, "దానికి కూడా మీ ఆఫీసుకు ఉత్తరం రాశాం బాబూ, మీవాళ్లే నదిని ఇంకా పంపలేదు" అంది.